వంటగది లేని హాగ్వర్ట్స్

మన హాస్టల్లో వాదనలకు ఏనాడూ కరువు లేదు. క్రికెట్ మీద, సినిమా హీరోల మీద, ఏ పరీక్షకు ఏ పుస్తకం చదవాలన్న దాని మీద, ఆదివారం కూరలో ఎవరికి ఎన్ని ముక్కలు పడ్డాయన్న దాని మీద రాత్రి పన్నెండు దాటేవరకు గొంతులు చించుకున్న చరిత్ర మనది. అలాంటిది ఈ రెండేళ్ళుగా మా గదుల్లో అన్నిటికంటే ఎక్కువ కాలం సాగిన వాదన హ్యారీ పోటర్ గురించి అంటే పూర్వ విద్యార్థులకు నవ్వు రావచ్చు. ఒక సీనియర్ అన్న అయితే నవ్వలేదు, కోప్పడ్డాడు. "ఎక్కడో ఇంగ్లండు మంత్రాల బడి సంగతి మీకెందుకురా? ఆ టైములో గ్రూప్స్‌కి నాలుగు బిట్లు చదువుకున్నా పనికొస్తుంది" అన్నాడు. అన్న మాటలో ప్రేమే ఉంది, కాదనం. అయినా ఆ వాదనల్లో మేం నేర్చుకున్నది బిట్లలో దొరికేది కాదు. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మొదలైంది మామూలుగానే. దసరా సెలవులకు ఊరు వెళ్ళలేక హాస్టల్లో మిగిలిపోయిన పదిమందిమి ఒక లాప్‌టాప్ ముందు చేరి, 2001 నుంచి 2011 దాకా వచ్చిన ఎనిమిది సినిమాలను వరసగా చూశాం. తెలుగులో దొరికినవి తెలుగులో, దొరకనివి ఇంగ్లీషులో. ఆ తర్వాత మాలో ఇంగ్లీషు ఎం.ఏ. చదివేవాళ్ళం పుస్తకాలు పట్టుకున్నాం. మొదటి పుస్తకం 'పరుసవేది' పేరుతో తెలుగులోకి వచ్చింది. మిగతావి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాం. చదివిన అధ్యాయాన్ని రాత్రి భోజనాలయ్యాక మిగతావాళ్ళకు తెలుగులో చెప్పేవాళ్ళం. అక్కడే అసలు గొడవ మొదలైంది. "సినిమాలో అలా లేదే" అని ఒక పక్షం, "పుస్తకంలో ఇలాగే ఉంది" అని ఇంకో పక్షం.

ఈ కథ మనల్ని ఇంతగా పట్టెయ్యడానికి పెద్ద కారణం వెతకనక్కర్లేదు. ఇది హాస్టల్ కథ. పదకొండేళ్ళ పిల్లవాడు ఒక ట్రంకు పెట్టెతో రైలెక్కి, ఎవరూ తెలియని చోటికి వెళ్ళి, నలుగురితో కలిసి ఒకే గదిలో పడుకుని, అందరితో పాటు బల్ల దగ్గర కూర్చుని తిని, రాత్రి తిరగొద్దన్న రూలును తప్పించుకుని తిరిగే కథ. మనలో చాలామందిమి ఐదో తరగతికో ఆరో తరగతికో అలాంటి పెట్టెతోనే వచ్చాం. సెలవులకు ఇల్లు గుర్తొచ్చి ఏడ్చే పిల్లల్ని చూశాం. హ్యారీలాగా సెలవులకు ఇంటికి వెళ్ళాలంటేనే భయపడే పిల్లల్నీ చూశాం. కాబట్టి ఈ కథ గురించి మాట్లాడే అర్హత మనకు ఎవరికీ తీసిపోకుండా ఉంది.

కొయ్యక తప్పదు, కానీ దేన్ని?

పుస్తకం సినిమాగా మారేటప్పుడు కొంత పోతుంది. ఇది ఎవరైనా ఒప్పుకోవాలి. నాలుగో పుస్తకం బ్రిటిష్ ముద్రణలో 636 పేజీలు. 2005లో వచ్చిన ఆ సినిమా 157 నిమిషాలు. ఐదో పుస్తకం అన్నిటికంటే పెద్దది, 766 పేజీలు. 2007లో వచ్చిన దాని సినిమా మాత్రం 138 నిమిషాలే. పేజీకి పావు నిమిషం కూడా దక్కలేదు. అందుచేత "అంతా ఎందుకు చూపించలేదు?" అన్న ప్రశ్న తెలివైనది కాదు. "దేన్ని ఉంచారు, దేన్ని తీసేశారు?" అన్నదే అసలు ప్రశ్న.

అభిమానులు ప్రపంచమంతటా వాదించుకునేవాటిలో కొన్ని సరదా సంగతులున్నాయి. అగ్నిపాత్రలో పేరు వేశావా అని డంబుల్డోర్ హ్యారీని పుస్తకంలో ప్రశాంతంగా అడుగుతాడు. సినిమాలో పరిగెత్తుకుంటూ వచ్చి భుజాలు పట్టి ఊపేస్తాడు. దీని మీద ఇరవై ఏళ్ళుగా జోకులు నడుస్తున్నాయి. మేమూ నవ్వుకున్నాం. కానీ ఒక ప్రిన్సిపాల్ అరిచాడా, నెమ్మదిగా అడిగాడా అన్నదాంతో కథ మారిపోదు. మూడు చోట్ల మాత్రం కథే మారిపోయిందని మా అభిప్రాయం. ఆ మూడూ పేదరికానికి, పుట్టుకకు, చాకిరీకి సంబంధించినవి కావడం యాదృచ్ఛికమని మేం అనుకోవడం లేదు.

మొదటిది: రాన్ వీజ్లీ

రాన్ ఏడుగురు పిల్లల ఇంట్లో ఆరోవాడు. అన్నలు వాడి వదిలేసిన మంత్రదండం, అన్న దగ్గరనుంచి వచ్చిన ఎలుక, పాత బట్టలు. రైల్లో అందరూ తినుబండారాలు కొనుక్కుంటుంటే అమ్మ కట్టిచ్చిన రొట్టెల పొట్లం విప్పడానికి మొహమాటపడతాడు. ఆ సీను చదివినప్పుడు మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఎక్స్‌కర్షన్ బస్సులో అందరూ బిర్యానీ పొట్లాలు విప్పుతుంటే టిఫిన్ డబ్బాలో పులిహోర దాచుకున్నవాళ్ళకు ఆ మొహమాటం ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

పుస్తకంలో ఈ రాన్ పేదవాడే గానీ పిరికివాడు కాదు, తెలివితక్కువవాడూ కాదు. మొదటి పుస్తకంలో ఒక మాయతీగ హ్యారీని, రాన్‌ను చుట్టేస్తే, మంట కావాలి కానీ కట్టెలు లేవే అని కంగారుపడేది హెర్మయనీ. నువ్వు మంత్రగత్తెవన్న సంగతి మర్చిపోయావా అని గుర్తు చేసేది రాన్. సినిమాలో కంగారంతా రాన్‌ది, తెలివంతా హెర్మయనీది. మూడో పుస్తకంలో హెర్మయనీకి అన్నీ తెలుసన్న గొప్ప అని మాస్టరు స్నేప్ క్లాసులో అవమానిస్తే, ఎదురు తిరిగి శిక్ష తెచ్చుకునేది రాన్. సినిమాలో అదే రాన్ "ఆయన చెప్పిందీ నిజమే" అన్నట్టు మాట్లాడతాడు. విరిగిన కాలితో లేచి నిలబడి, హ్యారీని చంపాలంటే మమ్మల్ని కూడా చంపాలి అని హంతకుడనుకున్న మనిషితో అనేది పుస్తకంలో రాన్. సినిమాలో ఆ మాట కూడా హెర్మయనీకి వెళ్ళిపోయింది.

ఎనిమిది సినిమాల్లో ఏడింటికి స్క్రీన్‌ప్లే రాసిన స్టీవ్ క్లోవ్స్ తనకు ఇష్టమైన పాత్ర హెర్మయనీ అని చెప్పుకున్నాడు. తప్పేం లేదు. తెలివైన ఆడపిల్ల పాత్ర పెద్దదైతే మనం సంతోషించాలి. కానీ ఆమెను పెంచడానికి పక్కనున్న పేద కుర్రాణ్ణి ఎందుకు కుదించాలి? నాలుగో పుస్తకంలో హ్యారీకి తీర్చిన అప్పు దొంగ బంగారమని, అది మాయమైపోయినా హ్యారీ గమనించను కూడా లేదని తెలిసినప్పుడు రాన్ పడే బాధ ఉంది. డబ్బు పోయినా తెలియనంత డబ్బు ఉండటం ఎలా ఉంటుందో అని అడిగి, పేదరికం అంటే తనకు అసహ్యమని పైకే అంటాడు. సినిమాలో ఆ సీను లేదు. అతని పాత లేసు గౌను చూసి నవ్వుకునే సీను మాత్రం ఉంది. పేదరికంలోని బాధ పోయి, హాస్యం మిగిలింది. మన సినిమాల్లో హాస్టల్ కుర్రాడు ఎలా కనిపిస్తాడో ఒకసారి గుర్తు చేసుకుంటే, ఇది ఇంగ్లండుకు మాత్రమే పట్టిన జబ్బు కాదని తెలుస్తుంది.

రెండోది: ఆ ఒక్క మాట

మా హాస్టల్లో అన్నిటికంటే వేడిగా సాగింది స్నేప్ గురించిన వాదన. సినిమా చూసినవాళ్ళలో తొంభైమంది స్నేప్ అభిమానులే. 2016లో కన్నుమూసిన ఆలన్ రిక్‌మన్ ఆ పాత్రకు ప్రాణం పోశాడు, అందులో సందేహం లేదు. చిన్ననాటి స్నేహితురాలు లిల్లీని జీవితాంతం ప్రేమించి, ఆమె చనిపోయాక ఆమె కొడుకును రహస్యంగా కాపాడి, చివరికి ప్రాణమిచ్చిన మనిషి. సినిమా చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో మేమూ ఉన్నాం.

అయితే ఆ ఇద్దరి స్నేహం ఎందుకు తెగిపోయింది? సినిమా చూసినవాళ్ళను అడిగితే, "ఆమె ఇంకొకణ్ణి ప్రేమించింది కదా" అంటారు. పుస్తకం చెప్పేది అది కాదు. పదిహేనేళ్ళ వయసులో, పరీక్ష రాసి బయటికి వచ్చిన రోజు, జేమ్స్ బృందం స్నేప్‌ను అందరి ముందూ తలకిందులుగా వేలాడదీసి అవమానిస్తుంది. లిల్లీ అడ్డుపడుతుంది. అప్పుడు స్నేప్ తన పరువు దక్కించుకోవడానికి లిల్లీనే 'మడ్‌బ్లడ్' అంటాడు. మురికి నెత్తురుదానా అని అర్థం. మంత్రాలు తెలియని తల్లిదండ్రులకు పుట్టిన పిల్లల్ని ఆ లోకంలో పెద్దింటివాళ్ళు అనే తిట్టు. ఐదో సినిమాలో స్నేప్ పడ్డ అవమానం కొంచెం చూపించారు. లిల్లీ లేదు, ఆ మాట లేదు. చివరి సినిమాలో అతని జ్ఞాపకాలన్నీ చూపించినప్పుడు కూడా ఆ మాట లేదు.

ఇదంతా చెప్పిన రాత్రి మా గదిలో ఇద్దరు ముగ్గురు స్నేప్ తరఫున లేచారు. "కోపంలో ఒక్క మాట అన్నాడు, అంతేగా. జీవితమంతా ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు కదా" అన్నారు. అంతవరకు ఏమీ మాట్లాడకుండా గోడకు ఆనుకుని కూర్చున్న మిత్రుడొకడు అప్పుడు నోరు విప్పాడు. "పదో తరగతిలో నన్ను అలాంటి మాట అన్నవాడు మూడేళ్ళు నా పక్క బెంచీ వాడే. మిగతావాళ్ళు అంటే పడ్డాను. వాడు అన్నది మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది" అన్నాడు. ఆ తర్వాత కొంతసేపు ఎవరం ఏమీ అనలేకపోయాం. మనలో ఆ మాట వినకుండా ఇంతదూరం వచ్చినవాళ్ళు ఎంతమంది? కులం పేరుతో అవమానించడాన్ని నేరంగా చూసే చట్టం మనకు 1989లో వచ్చింది. చట్టం ఉన్నా ఆ మాట క్లాసురూముల్లో, ఆటస్థలాల్లో, అద్దె ఇళ్ళ గుమ్మాల్లో తిరుగుతూనే ఉంది.

పుస్తకంలో లిల్లీ అతన్ని క్షమించదు. ఆమె కారణం చాలా సూటిగా ఉంటుంది. నాలాంటి పుట్టుక ఉన్న వాళ్ళందర్నీ నువ్వు అదే మాట అంటావు కదా, నేనొక్కదాన్నే వేరెందుకవుతాను అంటుంది. అంటే ఆమె అలిగింది తనను తిట్టినందుకు మాత్రమే కాదు. తనవాళ్ళందరినీ తిట్టి, తనను మాత్రం మినహాయించిన ప్రేమ తనకు అక్కర్లేదంది. "నువ్వు అందరిలాంటివాడివి కాదురా" అని మెచ్చుకుంటూ మనవాళ్ళను తక్కువ చేసే స్నేహాలు మనకూ ఎదురయ్యాయి. వాటికి ఏం జవాబు చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్నాం. పదిహేనేళ్ళ లిల్లీ మనకంటే బాగా చెప్పింది.

సినిమా తీసినవాళ్ళు స్నేప్ మీద ప్రేమతోనే ఆ మాట తీసేసి ఉంటారు. కానీ దాంతో స్నేప్‌కే ఎక్కువ నష్టం జరిగిందని మేమంటాం. ఏడో పుస్తకంలో, స్నేప్ ప్రధానోపాధ్యాయుడయ్యాక, గోడ మీది పాత పటంలోని పెద్దమనిషి ఒకాయన హెర్మయనీని ఆ తిట్టుతోనే పిలుస్తాడు. ఆ మాట వాడొద్దని స్నేప్ వెంటనే గద్దిస్తాడు. పటాల్లోని వాళ్ళు తప్ప చుట్టూ వినేవాళ్ళు లేరు. దాదాపు ఇరవై ఏళ్ళ కిందట తాను అన్న మాటను ఇంకొకరి నోట వినలేకపోయాడు. స్నేప్ మారాడు అనడానికి పుస్తకంలో ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదు. సినిమా తప్పును దాచింది, దాంతో పశ్చాత్తాపం కూడా పోయింది. మిగిలింది ప్రేమకథ ఒక్కటే. తప్పు చేయనివాడికి మారడానికి ఏముంటుంది?

అందుకని మా తీర్పు ఏమిటని అడిగితే, మేం ఇంకా ఒక మాట మీదికి రాలేదు. లిల్లీ క్షమించకపోవడం న్యాయమని అందరం ఒప్పుకున్నాం. స్నేప్ మారడం నిజమని కూడా చాలామందిమి ఒప్పుకున్నాం. నెవిల్ లాంటి పిల్లవాడిని క్లాసులో ఏళ్ళ తరబడి హింసించిన మాస్టరును, ఎంత త్యాగం చేసినా, హీరో అనలేం అని కొందరం పట్టుబట్టాం. తల్లిదండ్రుల్ని మతి పోయేదాకా చిత్రహింసలు పెట్టిన దుర్మార్గులుండగా, ఆ పిల్లవాడికి లోకంలో అందరికంటే భయం వేసింది తన మాస్టరంటేనట. బడి మాన్పించే మాస్టర్లను చూసినవాళ్ళకు ఇది చిన్న విషయంలా కనిపించదు.

మూడోది: వంటగది

హాగ్వర్ట్స్ భోజనశాలలో పళ్ళేల్లోకి తిండి దానంతటదే వస్తుంది. సినిమాల్లో చివరిదాకా అంతే. ఎవరు వండారో తెలియదు. నాలుగో పుస్తకంలో తెలుస్తుంది. భోజనశాలలోని నాలుగు పొడవాటి బల్లల కింద, నేలమాళిగలో ఒక వంటగది, అందులోనూ సరిగ్గా అలాంటివే నాలుగు బల్లలు. అక్కడ వందమందికి పైగా హౌస్ ఎల్ఫ్‌లు వండి పైకి పంపుతారు. హౌస్ ఎల్ఫ్ అంటే మంత్రగాళ్ళ ఇళ్ళలో తరతరాలుగా జీతం లేకుండా వెట్టిచాకిరీ చేసే పొట్టి జీవి. యజమాని చేతినుంచి బట్ట అందితే తప్ప వాళ్ళకు విముక్తి లేదు.

ఈ సంగతి తెలిసిన రోజు హెర్మయనీ తింటున్న పళ్ళెం పక్కకు తోసేస్తుంది. తర్వాత ఒక సంఘం పెడుతుంది. దాని పేరులోనే సంక్షేమం ఉంది: ఎల్ఫ్‌ల సంక్షేమాన్ని పెంపొందించే సంఘం. చందా రెండు సికిల్స్, ఒక బ్యాడ్జి. తోటివాళ్ళంతా నవ్వుతారు. 'సాంఘిక సంక్షేమ' అన్న బోర్డు కింద పెరిగిన మాకు ఆ పేరు చదవగానే ఒక రకమైన ఆత్మీయత కలిగిందంటే అతిశయోక్తి కాదు.

సినిమాలో ఈ సంఘం లేదు. వంటగది లేదు. యజమాని తన కుటుంబం పరువు కోసం వెళ్ళగొట్టిన వింకీ అనే ఎల్ఫ్ లేదు. జీతం అడిగిన ఎల్ఫ్ డాబీకి వారానికి పది బంగారు నాణేలు, శని ఆదివారాలు సెలవు ఇస్తానని డంబుల్డోర్ అంటే, అంత వద్దని బేరమాడి వారానికి ఒక నాణెం, నెలకు ఒక రోజు సెలవుకు ఒప్పుకున్న సంగతి లేదు. నీటి అడుగున ఊపిరి ఆడే ఆకును పుస్తకంలో హ్యారీకి తెచ్చిచ్చేది డాబీ. సినిమాలో నెవిల్. రహస్య సాధనకు పనికొచ్చే గదిని పుస్తకంలో చూపించేది డాబీ. సినిమాలో అదీ నెవిల్ కంట పడుతుంది. 2002లో రెండో సినిమాలో కనిపించిన డాబీ మళ్ళీ 2010లో ఏడో పుస్తకం మొదటి భాగంలో వస్తాడు. వచ్చి, హ్యారీని కాపాడి చచ్చిపోతాడు. ఎనిమిదేళ్ళు అతను ఏం చేశాడో, ఎంత సంపాదించాడో, ఎలా బతికాడో చూపించకుండా, చావు మాత్రం చూపించి మనల్ని ఏడవమన్నారు. మేం ఏడ్చాం. తర్వాత ఆలోచిస్తే కోపమొచ్చింది.

క్రీచర్ అనే ఇంకో ఎల్ఫ్ సంగతి ఇంకా పెద్దది. వోల్డెమార్ట్ ఒక విషపు పానీయాన్ని పరీక్షించడానికి ఇతన్ని అరువు తెచ్చుకుని, తాగించి, చావమని గుహలో వదిలేస్తాడు. ఎల్ఫ్‌లకు సొంత మంత్రశక్తి ఉంటుందన్న ఆలోచన అతనికి రాలేదు. సేవకుడు కదా, సేవకుడికి శక్తి ఏమిటి అనుకున్నాడు. క్రీచర్ బతికి బయటపడ్డాడు కాబట్టే వోల్డెమార్ట్ రహస్యం ఒకటి బయటికి వచ్చింది. చాకిరీ చేసేవాళ్ళను మనుషులుగా లెక్కపెట్టకపోవడం దుర్మార్గం మాత్రమే కాదు, తెలివితక్కువ కూడా అని రచయిత్రి ఇక్కడ చెప్పింది. సినిమాలో క్రీచర్ కాసేపు కనిపిస్తాడు. గుహలో అతను పడ్డ బాధ మాత్రం లేదు. చివరి యుద్ధంలో వంటగది ఎల్ఫ్‌లందరినీ వెంటేసుకుని, మాంసం కోసే కత్తులతో క్రీచర్ ముందు నడవడం కూడా లేదు.

ఇంకొక్కటి. ఆ యుద్ధానికి ముందు రాన్ ఒక మాట అంటాడు. వంటగదిలో ఎల్ఫ్‌లున్నారు, వాళ్ళను ముందు బయటికి పంపాలి, మన కోసం చావమని వాళ్ళకు ఆజ్ఞ ఇవ్వలేం కదా అని. మూడేళ్ళ కిందట హెర్మయనీ సంఘాన్ని చూసి నవ్వినవాడు అతనే. ఆ మాట విని హెర్మయనీ చేతిలో ఉన్నవన్నీ కింద పడేసి అతన్ని ముద్దు పెట్టుకుంటుంది. సినిమాలో ముద్దు ఉంది. మీద నీళ్ళు పడి ఇద్దరూ తడిసి ఉండగా వస్తుంది. ఆ ముద్దుకు కారణమైన మాట మాత్రం లేదు. పేదవాడైన రాన్ తనకంటే కింద ఉన్నవాళ్ళ గురించి ఆలోచించడం నేర్చుకున్న క్షణం అది. వంటగదిని కోసేసినవాళ్ళకు ఆ క్షణాన్ని ఉంచుకునే వీలు కూడా లేకపోయింది.

పుస్తకం కూడా వేదం కాదు

ఇంతవరకు చదివినవాళ్ళు, పుస్తకమంతా ఒప్పు, సినిమా అంతా తప్పు అని మేమంటున్నామని అనుకోవద్దు. పుస్తకంలో ఎల్ఫ్‌లు చాలామంది తమ వెట్టిచాకిరీలోనే సంతోషంగా ఉన్నట్టు రాశారు. జీతం అడిగిన డాబీని చూసి సిగ్గుపడతారు. "వాళ్ళకు ఇదే ఇష్టం" అని పాత్రలు పదే పదే అంటాయి. ఈ మాట మన ఊళ్ళో మన తాతల గురించి అన్నదే. తెలంగాణలో వెట్టి చేసినవాళ్ళ గురించి దొరలు కూడా ఇదే అనుకుని ఉంటారు. యుద్ధమంతా అయిపోయాక, చివరి పుటల్లో హ్యారీ మనసులోకి వచ్చే ఆలోచనల్లో ఒకటి, క్రీచర్ తన మంచం దగ్గరికి ఒక శాండ్‌విచ్ తెచ్చిపెడతాడా అని. దీని మీద కూడా పాఠకులు వాదించుకుంటూనే ఉన్నారు. వాదించుకోవాల్సిందే.

హెర్మయనీ కూడా తప్పు చేసింది. ఐదో పుస్తకంలో ఎల్ఫ్‌లకు తెలియకుండా విముక్తి ఇద్దామని టోపీలు అల్లి గదిలో అక్కడక్కడా దాచిపెడుతుంది. వాళ్ళు అవమానంగా భావించి ఆ గది ఊడవడమే మానేస్తారు. చివరికి ఆ టోపీలన్నీ డాబీ ఒక్కడే తీసుకుంటాడు. ఆమె ఒక్కసారి కూడా "మీకేం కావాలి?" అని కూర్చుని అడగలేదు. మంచి మనసు ఉంటే సరిపోదు, అడగడం రావాలి.

2023 ఏప్రిల్‌లో ఈ ఏడు పుస్తకాలనూ మళ్ళీ టీవీ సిరీస్‌గా తీస్తామని హెచ్.బి.ఓ. ప్రకటించింది. 2025 జూలైలో చిత్రీకరణ మొదలైంది. స్నేప్ పాత్రకు పాపా ఎస్సియెడు అనే నల్లజాతి నటుణ్ణి తీసుకోగానే అభిమానులు రెండుగా చీలిపోయారు. కేవలం రంగు చూసి కాదన్నవాళ్ళతో మనకు మాటలు అనవసరం. అయితే నల్లజాతి కుర్రాణ్ణి తెల్ల కుర్రాళ్ళు తలకిందులుగా వేలాడదీస్తే ఆ సీను అర్థమే మారుతుంది కదా అని అడిగేవాళ్ళున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఏమిటంటే, అర్థం మారితే మారనివ్వండి, ఆ తర్వాతి మాటను మాత్రం దాచకండి. అవమానం పడ్డవాడు ఇంకొకరిని అవమానించడన్న హామీ ఎక్కడా లేదు. పుస్తకంలో స్నేప్ కూడా పేద ఇంటివాడే, సరిపోని బట్టలు వేసుకుని తిరిగినవాడే, అతని తండ్రికీ మంత్రాలు రావు. అయినా ఆ మాట అన్నాడు. మనలో మనం, హాస్టల్ గదుల్లో, కోపమొచ్చినప్పుడు ఒకరి పుట్టుక గురించి ఒకరం ఏమేం అనుకున్నామో గుర్తు చేసుకుంటే ఈ విషయం ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

పుస్తకానికి ఒక సీజన్ చొప్పున తీస్తారట. వంటగది వచ్చేది నాలుగో పుస్తకంలో. దాన్ని ఉంచుతారో, మళ్ళీ కోస్తారో అప్పుడు చూద్దాం.

మేం చేసిన పని

ఇంత రాశాక మా సంగతి కూడా ఒప్పుకోవాలి. కిందటి వార్షికోత్సవానికి 'మా హాస్టల్లో ఒక రోజు' అని పదిహేను నిమిషాల నాటిక వేశాం. రాసింది మేమే. అందులో వార్డెన్ ఉన్నాడు, విద్యార్థులున్నారు, ముఖ్య అతిథి ఉన్నాడు, నవ్వించడానికి నిద్రపోయే వాచ్‌మన్ ఉన్నాడు. రాసిన మొదటి ప్రతిలో తెల్లవారుజామున లేచి పొయ్యి వెలిగించే వంట పెద్దమ్మ, నీళ్ళు మోసే కామాటి కూడా ఉన్నారు. రిహార్సల్‌లో టైము ఎక్కువైందని ఆ రెండు సీన్లూ తీసేశాం. ఎవరికీ తప్పనిపించలేదు. సరిగ్గా ఆ సినిమావాళ్ళు చెప్పగలిగిన కారణమే మేమూ చెప్పుకున్నాం. నాటిక జరుగుతున్నంతసేపు వాళ్ళిద్దరూ వెనక కుళాయి దగ్గర గుండిగలు తోముతున్నారు. సంచికలో వేసిన గ్రూపు ఫోటోలో కూడా వాళ్ళు లేరు. ఈ వాదనలు ముదిరాక ఆ పాత ఫోటో తీసి చూసుకుంటే సిగ్గనిపించింది.

ఈసారి దిద్దుకుందామని, వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాలని నిర్ణయించుకున్నాం. అంతలో హెర్మయనీ టోపీలు గుర్తొచ్చి, ముందు వెళ్ళి అడిగాం. పెద్దమ్మ బియ్యం చెరుగుతూ మా మాట విని నవ్వింది. "శాలువా నేనేం చేసుకుంటా నాయనా. ఆ రోజు గుండిగలు మీరు తోమండి. మేం కూడా ముందు వరసలో కూర్చుని మీ ప్రోగ్రాం చూస్తాం. ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు" అంది.

కాబట్టి మిత్రులకు, పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ఈ ఏడాది వార్షికోత్సవం నాడు ముందు వరసలో కొన్ని కుర్చీలు వాళ్ళకు కేటాయించాం. నాటికలో ఆ రెండు సీన్లూ తిరిగి పెట్టాం. గుండిగలు తోమడానికి ఇప్పటికి పన్నెండుమందిమి పేర్లు ఇచ్చాం. భోజనాలకు వచ్చేవాళ్ళ సంఖ్య చూస్తే పన్నెండుమంది చాలరు. బిట్లు చదువుకోమని మందలించిన అన్న కూడా ఆ రోజు వస్తానన్నాడు. వాదన అక్కడే కొనసాగిద్దాం అన్నా, కుళాయి దగ్గర.